పెద్ద సర్వర్ సెలవులో ఉన్నాడు

ఆ రక్తపరీక్షల ల్యాబ్‌లో వాళ్లిద్దరినీ పెద్ద సర్వర్, చిన్న సర్వర్ అనేవాళ్లు. అన్నాచెల్లెళ్లు. అసలు పేర్లు జీతాల కాగితాల మీద తప్ప ఇంకెక్కడా వినబడేవి కావు. కింద రక్తం తీసే కౌంటర్లో కంప్యూటర్ కాస్త మొరాయించిందంటే చాలు, పెద్ద సర్వర్‌ని పిలవండి అని కేకేసేవాళ్లు. ఆయన టీకి వెళ్లాడని తెలిస్తే, పోనీ చిన్న సర్వర్‌నైనా పిలవండి అనేవాళ్లు. ఆ "పోనీ" వింటే చెల్లెలికి ఒళ్లు మండేది. మండి ఏం చేస్తుంది? పని నేర్పింది అన్నయ్య. ఉద్యోగం ఇప్పించిందీ అన్నయ్యే.

నేర్పడమంటే బుజ్జగించి నేర్పాడనుకునేరు. ఆ నోరు నోరు కాదు. "ఒసేయ్ మొద్దూ, అదేం చెబుతోందో చదవకుండానే మీటలు నొక్కేస్తావేంటే?" అని గది దద్దరిల్లేలా అరిచేవాడు. అదేం చెబుతోందో అంటే లాగ్ సంగతి. సర్వర్ తను చేసిన పనీ, చెయ్యలేక చతికిలబడ్డ పనీ అంతా తనే వరసగా రాసుకుంటూ పోతుంది, దాన్నే లాగ్ అంటారు. ఏ ఇన్‌స్టలేషన్ చెడినా తెర మీద పడ్డ ఎర్రముక్క చూసి బెదిరిపోకు, లోపలికెళ్లి లాగ్ చదువు అనేవాడు. అంతా సవ్యంగా అయిపోయినా సరే, చదివే లేవాలనేవాడు. ఆ అలవాటు ఆమెకి ఎంతగా ఒంటపట్టిందంటే, ఇంట్లో మొగుడు కూర మాడిందని గొణిగితే "ముందు ఏం జరిగిందో చదివి అప్పుడు మాట్లాడు" అనేది. పాపం ఆయన చదవడానికి అక్కడేముంది, మాడిన గిన్నె తప్ప.

మూడో అంతస్తులో నడవా చివర, ఒకప్పుడు ఖాళీ అట్టపెట్టెలు పడేసే గది ఉండేది. దాన్నే సర్వర్ గది చేశారు. కిటికీ లేదు. ఏసీ చలికి పళ్లు టకటకలాడేవి. తలుపు వెనక మేకుకి పెద్ద సర్వర్ స్వెట్టర్ వేలాడుతుండేది, మోచేతుల దగ్గర నూలు లేచిపోయి. కీబోర్డ్ మీద అక్షరాలు సగం అరిగిపోయాయి, ఆయన వేళ్లకి వాటితో అవసరం లేదు కనుక కొత్తది అడగలేదు. కుర్చీ ఒక్కటే. దాని చెయ్యి చిరిగితే నల్లటేపు చుట్టి వాడుకునేవాడు. ఆయన ఆ కుర్చీలో, చెల్లెలు పక్కన బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద. ఆయన టీకి వెళ్లినా ఆమె ఆ కుర్చీలో కూర్చునేది కాదు. భయమూ కాదు, భక్తీ కాదు, అదొక అలవాటు.

ఇంత జాగ్రత్త మనిషీ ఒక్కచోట మాత్రం బద్ధకించాడు. డేటాబేస్ సర్వర్ అనేది ఎవరూ ముట్టుకోకపోయినా తనంతట తాను నడుస్తుండాలి. ఫలానావారి తరఫున నడుస్తున్నానని మెషిన్‌కి చెప్పుకోవడానికి దానికొక పేరూ, ఒక పాస్‌వర్డూ కావాలి. బుద్ధున్నవాళ్లెవరైనా దానికని విడిగా ఓ పేరు పెడతారు. పెద్ద సర్వర్ మొదటిసారి ఇన్‌స్టాల్ చేసిన రోజు తొందరలో తన సొంత పేరూ తన సొంత పాస్‌వర్డూ ఇచ్చేసి, తర్వాత మారుద్దాంలే అనుకున్నాడు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. మనిషి పేరు మీద సర్వర్ నడపకూడదన్నయ్యా, రేపు నువ్వు లేకపోతే అది లేవదు అని చెల్లెలు మొత్తుకునేది. నేనెక్కడికి పోతానే అనేవాడాయన. నిజమే, ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాడు. ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలి?

ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ కుప్పకూలిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. బతికి బట్టకట్టాడు గానీ, ఇంటికొచ్చిన మనిషి వేరు. నడుస్తాడు, తింటాడు, చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడు. కానీ తిట్టడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. మంచినీళ్లు తెచ్చిస్తే "మీకెందుకండీ శ్రమ" అంటాడు, అదీ కట్టుకున్న పెళ్లాంతో. ఎంత నెమ్మదస్తుడయ్యాడో అని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకుంటుంటే చెల్లెలు లేచి అవతలికి వెళ్లిపోయేది. ఆ నోట్లోంచి ఒక్క తిట్టు పడితే చాలు, ఆ పూట పండగ చేసుకునేది. తిట్టు పడలేదు.

వదిన గడుసుది. ఆడపడుచు గుమ్మంలో అడుగుపెట్టేలోపే ఆయన పక్కకి వెళ్లి, మీ చెల్లెలు వచ్చింది అని మెల్లగా అందించేది. అప్పుడాయన రామ్మా, తిన్నావా అనేవాడు. నాటకంలో తెరవెనక నుంచి మాటలు అందించినట్టు ఉందని చెల్లెలికి తెలియదా? తెలుసు. తెలిసీ తెలియనట్టే కూర్చునేది. వదినా ఆడపడుచులు ఒకరినొకరు అలా మోసం చేసుకుంటూ రోజులు నెట్టుకొచ్చారు.

ఆ మోసంలో చెల్లెలికి ఒకరోజు ఆశ కూడా పుట్టింది. ఇంట్లో మూలన పడున్న పాత కీబోర్డ్ దులిపి ఆయన ఒళ్లో పెట్టింది. దేనికీ తగిలించలేదు, ఊరికే పెట్టింది. ఆయన కాసేపు దాన్ని తడిమి చూశాడు. ఉన్నట్టుండి వేళ్లు టకటకా పరిగెత్తాయి. అదే వేగం, అదే చప్పుడు. వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనిషి మరిచిపోయినా వేళ్లు మరిచిపోలేదు వదినా అంది చెల్లెలు. ఆ రోజు నుంచి ఆమె ఆ మాట పట్టుకుని వేలాడింది.

ల్యాబ్ మేనేజర్ చెడ్డవాడేం కాదు. పెద్ద సర్వర్ సెలవుని సాగదీయగలిగినంత సాగదీశాడు. ఈలోగా ల్యాబ్‌కి కొత్త పరీక్షల యంత్రం వచ్చింది. దానికి పాత డేటాబేస్ సరిపడదు, కొత్త రకం ఇన్‌స్టాల్ చెయ్యాలి. మేనేజర్ చెల్లెల్ని పిలిచి, చూడమ్మా, పైవాళ్లు ఆ కుర్చీలోకి కొత్తమనిషిని తీసుకోమంటున్నారు, నేను ఆపుతున్నాను అన్నాడు. ఈ ఇన్‌స్టలేషన్‌కి మీ అన్నయ్య ఒక్కసారి వచ్చి తన చేత్తో ఏ కాస్త సాయం చేసినా చాలు, మనిషి కోలుకుంటున్నాడని రాసి కుర్చీ అట్టేపెడతాను అన్నాడు. లేకపోతే తన చేతిలో ఏమీ లేదన్నాడు.

ఆ రాత్రి చిన్న సర్వర్‌కి నిద్రపట్టలేదు. పొద్దునకల్లా ఒక పన్నాగం పన్నింది. ఇప్పుడా పన్నాగం ఏమిటో వినండి.

ఎక్కువకాలం సెలవులో ఉన్నవాళ్ల లాగిన్‌కి ఆ కంపెనీలో తాళం పడిపోతుంది. పెద్ద సర్వర్ పేరుకీ ఎప్పుడో తాళం పడింది. అప్పటికే లేచి నడుస్తున్న సర్వర్ కనుక నడుస్తూ ఉంది గానీ, ఆపి మళ్లీ లేపబోతే అది లేవదు, ఆ మనిషే వచ్చి తన పాస్‌వర్డ్ కొట్టి తాళం తీసేదాకా. అందుకే చెల్లెలు ఇన్నాళ్లూ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, స్విచ్ మీద కాగితం అంటించి మరీ కాపలా కాసింది. కొత్తది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాతదాన్ని ఒకసారి ఆపి లేపాల్సిందే. అక్కడ అది కచ్చితంగా బోల్తాపడుతుంది. పడాలనే ఆమె కోరిక. పాస్‌వర్డ్ అన్నయ్యకి తప్ప ఎవరికీ తెలియదని చెబుతుంది. అన్నయ్యని పిలిపిస్తుంది. ఆయన వేళ్లు ఆ పాస్‌వర్డ్ కొడతాయి. అందరూ కళ్లారా చూస్తారు. కుర్చీ నిలబడుతుంది.

నిజానికి ఆ పాస్‌వర్డ్‌తో పనే లేదు. సర్వర్‌ని అన్నయ్య పేరు మీదినుంచి తప్పించి వేరే పేరు మీద పెట్టేస్తే సరి, పోసుకున్న టీ చల్లారేలోపు అయిపోతుంది. ఆ అధికారమూ ఆమెకుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తప్పే. కానీ ఆ పేరు చెరిపెయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు, ఏం చెయ్యమంటారు?

జనం తక్కువగా వచ్చే రోజు చూసుకుని పొద్దున్నే మొదలుపెట్టింది. మేనేజర్ వెనక నిలబడ్డాడు. ఆకుపచ్చ గీత నిదానంగా పాకుతూ పాకుతూ చివరిదాకా వచ్చి, ఆమె అనుకున్నచోటే ఆగింది. ఇన్‌స్టలేషన్ విఫలమైంది అని ఎర్రముక్క పడింది. మెషిన్ అప్పటిదాకా చేసిందంతా తనే వెనక్కి తీసేసుకుంది. ఆమె మొహం కంగారుగా పెట్టుకుని డిస్క్‌లో చోటుందో లేదో చూసింది, వైరస్‌ల కాపలా ఆపి చూసింది, ఇన్‌స్టాల్ ఫైలు మళ్లీ కాపీ చేసి చూసింది. అంతా బూటకం. చివరికి లాగ్ తెరిచి, ఇదిగో చూడండి, లాగిన్ కుదరక సర్వర్ లేవలేదు అని చూపించింది. పాస్‌వర్డ్ మా అన్నయ్యకే తెలుసండీ అంది. మేనేజర్ అయితే రప్పించమ్మా అన్నాడు.

అంతలో కింది కౌంటర్ నుంచి ఫోన్. రిపోర్టులు రావడం లేదు, పాతవి కూడా తెరుచుకోవడం లేదు అని. చెల్లెలు ఇది అనుకోలేదు. కొత్తది పడకపోతే పాతది ఎప్పట్లాగే నడుస్తుందని ధీమాగా ఉంది. ఆపిన పాతదీ అదే పేరు మీద లేవాలి కదా, అదెలా లేస్తుంది? ఇన్నాళ్లూ తను కాపలా కాసిన ఆ సంగతే, అన్నయ్యని రప్పించే తొందరలో ఆమెకి తట్టలేదు. అన్నయ్య మామూలుగా ఉండుంటే నెత్తిన మొట్టేవాడు. కింద జనం పెరుగుతున్నారు, కౌంటర్ పిల్ల పేర్లు కాగితం మీద రాసుకుంటోంది, ఎవరో పెద్దాయన ఆపరేషన్ ముందు చూపించాల్సిన రిపోర్టు కోసం గొడవపడుతున్నాడు. అప్పటికప్పుడు ఆ పేరు మార్చేస్తే అందరి పీడా విరగడయ్యేది. ఆమె మాత్రం వదినకి ఫోన్ చేసి త్వరగా తీసుకురమ్మంది.

వదిన ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, కారులో తీసుకొచ్చింది. కింద అందరూ లేచి నిలబడ్డారు. గొడవపడుతున్న పెద్దాయన కూడా ఎవరో గొప్పవాడొచ్చాడనుకుని నోరు మూశాడు. పెద్ద సర్వర్ అందరికీ నవ్వుతూ తలవూపాడు. ఒకప్పుడు ఇదే మనిషి ఆ కౌంటర్ ముందు నుంచి పోతుంటే, ఏం చెడగొట్టారర్రా ఇవాళ అని దులిపేస్తూ పోయేవాడు. మూడో అంతస్తుకి వచ్చేసరికి మందుల సంచి కారులోనే మరిచిపోయామని వదిన మళ్లీ కిందికి దిగింది. మేనేజర్ ఫోన్ మోగితే నడవాలోకి వెళ్లాడు. గదిలో అన్నాచెల్లెళ్లే మిగిలారు.

చలికి ఆయన భుజాలు ముడుచుకున్నాడు. చెల్లెలు మేకు మీది స్వెట్టర్ తీసి కప్పింది. టేపు చుట్టిన కుర్చీలో కూర్చోబెట్టింది, తను డబ్బా మీద కూర్చుంది. తెర మీద చిన్న పెట్టె, పైన ఆయన పేరు, కింద పాస్‌వర్డ్‌కి ఖాళీ. కొట్టన్నయ్యా, ఆలోచించకు, ఊరికే కొట్టు అంది.

ఆయన వేళ్లు కీబోర్డ్ మీద పెట్టాడు. టకటకా పరిగెత్తాయి. చుక్కలు పడ్డాయి. తప్పు అంది మెషిన్. మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే. పాస్‌వర్డ్ చోట చుక్కలే తప్ప అక్షరాలు కనబడవు కదా, కాస్తలో తప్పుతున్నాడేమో చూద్దామని ఆమె ఒక ఖాళీ పేజీ తెరిచి, ఇందులో కొట్టన్నయ్యా అంది. కొట్టాడు. పై వరస మీటలు ఎడమ నుంచి కుడికి ఒకదాని తర్వాత ఒకటి, ఆపైన కింది వరస, మళ్లీ పై వరస. అంతే. ఆ రోజు ఇంట్లో ఒళ్లోని కీబోర్డ్ మీద వేళ్లు పరిగెత్తిందీ ఇదే కాబోలు. దేనికీ తగిలించని కీబోర్డ్ కనుక ఆ రోజు ఎవరికీ కనబడలేదు.

చెల్లెలు ఆ పేజీ మూసేసింది. ఆయన మాత్రం తెర మీది పెట్టెలో ఉన్న పేరుని వేలుతో తాకి, కూడబలుక్కుని చదివాడు. తన పేరే. చదివి ఆమె వైపు తిరిగాడు.

"ఈయన ఇవాళ రాలేదాండీ?"

 ఆయన కాస్త మొహమాటంగా నవ్వాడు. "నాకివి తెలియవండీ. మీరు అనవసరంగా నన్ను కూర్చోబెట్టారు. ఈయన్ని పిలవండి, ఈయనకి తెలుస్తుంది."

మీరు అన్నాడు. చెల్లెల్ని. ఆయన పడిపోయేదాకా ఒసేయ్ తప్ప ఇంకో పిలుపు ఎరగని చెల్లెల్ని.

"ఆయన సెలవులో ఉన్నారండీ" అంది చిన్న సర్వర్. ఆ అండీ ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"అయ్యో. అయితే వచ్చేదాకా ఆగండి మరి" అన్నాడాయన.

వదిన మందుల సంచీతో వచ్చేసరికి ఆడపడుచు గోడకి తలానించి ఏడుస్తోంది, ఆయన పక్కన నిలబడి ఊరుకోండమ్మా, ఊరుకోండి అంటున్నాడు. వదినకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. స్వెట్టర్ విప్పబోతే, చలిగా ఉంది ఉండనీండి అన్నాడు. ఉండనిచ్చారు. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మెట్లు దింపి కారెక్కించారు.

చెల్లెలు మళ్లీ పైకొచ్చింది. మేనేజర్ ఆశగా చూశాడు, గుర్తొచ్చిందామ్మా అన్నాడు. అవునంటే ఆయన నమ్మేవాడే. కుర్చీ ఇంకొన్నాళ్లు నిలబడేదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదండీ. మా అన్నయ్యకి గుర్తురాలేదు, రాదు. అసలు ఆ పాస్‌వర్డ్ అక్కర్లేదు, పొద్దున్నే నేను చెయ్యగలిగిన పనే ఇది. చెయ్యలేదు. ఆ కుర్చీకి మనిషిని చూసుకోండి" అంది.

మేనేజర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కింద జనం ఉన్నారమ్మా, ముందు అది కానీ అని మాత్రం అన్నాడు.

ఇన్నాళ్లూ కీబోర్డ్ ఒళ్లోకి లాక్కుని డబ్బా మీదే నెట్టుకొచ్చింది, ఇవాళ డబ్బా పక్కకి జరిపింది. కుర్చీలో కూర్చుంది, ఆ గదిలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. సర్వర్ ఎవరి పేరు మీద నడవాలో అడిగే చోటికి వెళ్లింది. అక్కడ అన్నయ్య పేరుంది. మొత్తం ఒక్కసారే చెరిపెయ్యొచ్చు గానీ, ఆమె చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే చెరుపుతూ వచ్చింది. మొదటి అక్షరం దగ్గర కాసేపు ఆగింది. తర్వాత అదీ చెరిపి, ఎవరి పేరూ కాని పేరు ఒకటి పెట్టింది. పాత సర్వర్ తడుముకోకుండా లేచి కూర్చుంది. కొత్తది మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లిపోయింది. కింద ప్రింటర్లు మొదలయ్యాయి, ఆ ఆపరేషన్ పెద్దాయన రిపోర్టు పట్టుకుని వెళ్లాడని కౌంటర్ పిల్ల ఫోన్ చేసి చెప్పింది. చిన్న సర్వర్ అంతా సవ్యంగా ఉన్న ఆ లాగ్‌ని తెరిచి పై నుంచి కిందిదాకా చదివింది. కళ్లకి నీళ్లు అడ్డం పడి చదివిన ముక్కే మళ్లీ చదవాల్సి వచ్చింది. అయినా అంతా చదివే లేచింది.

ఆదివారం అన్నయ్యింటికి వెళ్లే ముందు వదినకి ఫోన్ చేసింది. ఇక నుంచి నేనెవరో ఆయనకి అందించకు వదినా, నేనే చెప్పుకుంటాను అంది.  వదిన సరేనంది.

ఆయన వరండాలో కూర్చునున్నాడు, అదే స్వెట్టర్ వేసుకుని. రండి, కూర్చోండి అన్నాడు. ఏం చేస్తుంటారని అడిగాడు. సర్వర్లు బాగుచేస్తుంటానండీ అంది. అబ్బో, కష్టమైన పనే, ఎవరు నేర్పారు అన్నాడు.

"మా అన్నయ్యండీ. బాగా తిట్టి నేర్పాడు" అంది.

ఆయన మొహం చిన్నబోయింది. ఆమె చేతిమీద మెల్లగా తట్టాడు. "పోనీలెండమ్మా. పెద్దవాడు కదా, ఏదో అనుంటాడు. మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకోనండీ" అంది చెల్లెలు.

లోపలినుంచి వదిన టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. మీకెందుకండీ శ్రమ అన్నాడాయన.